ముర్రుపాలు

పోచారం చెరువు అలుగు దుంకుతున్నదని తెలిసి ఊరు ఊరంతా చూడ్డానికి పోయిన రోజున నాకు నొప్పులు మొదలయ్యాయి. మరునాటికి కూడా బిడ్డ బయటికి రాలేదు. మంత్రసాని చేతులు కడుక్కుని వచ్చి మా అత్త రాజవ్వతో, "తల ఇరికింది పటేలమ్మా. నాతోని కాదు. ఇగ దేవుని మీదనే భారం" అన్నది.

అంతకుముందు ఏడాది నాకు ఆడపిల్ల పుట్టి పోయింది. ఎట్లా పోయిందో నాకు బాగా తెలుసు. పుట్టగానే నా దగ్గరినుంచి తీసుకుపోయారు. చిక్కగా, పసుపుపచ్చగా వచ్చిన మొదటి పాలు చెడ్డవని గోడకు పిండించారు. పిల్లకు ఆముదం నాకించారు. చక్కెర నీళ్లు పోశారు, తర్వాత మేకపాలు పోశారు. విరేచనాలు పట్టుకుని నీరసించి పోయింది. దాన్ని పూడ్చి వచ్చిన రోజు కూడా నా రవిక తడుస్తూనే ఉంది.

అందుకే మంత్రసాని మాట విని ఈసారి నేను ఏడవలేదు. నా పెనిమిటి రాజిరెడ్డిని పిలిపించాను. "నన్ను కామారెడ్డి దవాఖానకు తోలుకపో. లేకుంటే నేనే నడిచి పోత" అన్నాను.

మా ఆయన మెతక మనిషి. ఆయన అన్న మాధవరెడ్డి ఊరికి పటేలు. అన్నను అడగకుండా మా ఇంట్లో ఎద్దుల మెడ మీద కాడి పడేది కాదు. ఆ రోజు పటేలు, పోలీసు ఠాణా నుంచి వచ్చిన అమీన్‌సాబును వెంటబెట్టుకుని అలుగు చూపించడానికి పోయి ఉన్నాడు. మా ఆయన కాసేపు వాకిట్లో అటూ ఇటూ తిరిగి, బండి కట్టాడు. మా అత్త ఒక మూట పట్టుకుని నా వెనకాలే ఎక్కింది. ఆ మూటలో ఆముదం సీసా, చక్కెర, ఉగ్గుగిన్నె ఉన్నాయి.

ఎల్లారెడ్డి దాకా బండి, అక్కడినుంచి బస్సు. బస్సు నడిపే యాకూబు నా మొహం చూసి, ఇంకా ఎక్కవలసిన వాళ్లు ఉండగానే కదిలించేశాడు. వెనక నుంచి తిట్టేవాళ్లకు, "మీరు రేపు గూడ పోవచ్చు, ఈ బిడ్డ రేపటిదాక ఆగలేదు" అని కేక వేశాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

కామారెడ్డిలో అప్పుడు స్టేషనుకు అవతల మిషన్ వాళ్ల చిన్న ఆడవాళ్ల దవాఖాన ఉండేది. పెంకుల ఇల్లు, పొడుగాటి వరండా, లోపల ఒకే పెద్ద గది. డాక్టరమ్మది గుంటూరు వైపు. పెళ్లి చేసుకోలేదు. ఆమె 'అండీ' అనే మాటకు వార్డులో ఆడవాళ్లు మొదట్లో నవ్వుకునేవాళ్లు. నర్సు దీనమ్మ మెదక్ మనిషి, నలుగురు పిల్లల తల్లి. ఆమె మాట మా మాటే.

ఇనుప పట్టకారుతో బిడ్డ తలను పట్టి తీశారు. మగపిల్లవాడు. తల ఒక పక్క కమిలింది. ఏడుపు పిల్లికూన కూతంత వచ్చింది. దీనమ్మ వాణ్ణి తుడిచి, బట్ట చుట్టకుండానే తెచ్చి నా రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పింది.

మా అత్త మూట విప్పింది. "ఇటు తే. ముందుగాల ఆముదం నాకియ్యాలె. పాలు గప్పుడే గాదు. ఇప్పుడొచ్చేటియి చెడ్డపాలు, పిండి పారవోస్తరు."

"పారవోస్తే ఈ పిల్లగానికి ఏం మిగులుతది అవ్వా?" దీనమ్మ గొంతు పెంచలేదు. "బర్రె ఈనినంక ముర్రుపాలు దూడకు తాగిపిస్తరా లేదా?"

"తాగిపిస్తం. తాగకుంటే దూడ నిలవడదు."

"మరి మన పిల్లగాడు?"

మా అత్త ఉగ్గుగిన్నె చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. ఒప్పుకున్నదని కాదు.

డాక్టరమ్మ వచ్చి ఆమె పక్కన పీట లాక్కుని కూర్చుంది. మందలిస్తుందనుకున్నాను. "మీకు ఎంతమంది పుట్టారమ్మా? ఎంతమంది ఉన్నారు?" అని అడిగింది. మా అత్త పుట్టినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. ఉన్నవాళ్లు ఇద్దరే, మాధవరెడ్డి, రాజిరెడ్డి. పేరు పెట్టకముందే పోయినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టింది.

"మీరు చేసిందంతా పిల్లలు బతకాలనే చేశారు. నాకు తెలుసండీ. ఈ ఒక్కణ్ణీ నేను చెప్పినట్టు చూడనివ్వండి. వాడికి ఏమన్నా అయితే నన్నడగండి" అంది డాక్టరమ్మ.

నేను మంచం మీద నుంచి అన్నాను. "అత్తా, వాళ్లు చెప్పినట్టే చేద్దాం. ఆ ఆముదం సీసా మూటల పెట్టు."

పెట్టింది గానీ మూట మాత్రం ఒళ్లోనే ఉంచుకుంది.

ఇక్కడితో అయిపోతే కథే లేదు. పిల్లవాడు తాగలేదు. రొమ్ము నోటికి తగిలితే రెండు సార్లు చప్పరించి నిద్రపోయేవాడు. పుట్టడానికి పడ్డ బాధకు అలసిపోయాడని దీనమ్మ చెప్పింది. నాకేమో ముచ్చికలు లోపలికి ఉండేవి. వాడు పట్టుకోవాలని చూసేవాడు, జారిపోయేది, ఏడ్చేవాడు. వాడితోపాటు నేనూ ఏడ్చేదాన్ని. తర్వాత పాలు ఒక్కసారిగా దిగాయి. రొమ్ములు రాళ్లలాగా గట్టిపడి చలిజ్వరం వచ్చింది. ముచ్చికలు పగిలి నెత్తురు కారింది.

దీనమ్మ వేడినీళ్లలో బట్ట ముంచి కాపడం పెట్టేది. వేళ్లు ఎక్కడ పెట్టాలో, ఎంత మెల్లగా నొక్కాలో నా చేత్తోనే నాకు నేర్పింది. పిండిన పాలను మా అత్త ఉగ్గుగిన్నెతోనే పిల్లవాడికి పట్టించింది.

"ముచ్చిక ఒక్కటే నోట్ల పెట్టకు బిడ్డా, అందుకే పగులుతున్నయి. వాడు నోరు పెద్దగ తెరిచేదాక ఆగు. తెరవంగనే వాన్ని నీ దిక్కు తెచ్చుకో. నువ్వు వాని మీదికి వంగకు. చుట్టున్న నలుపంత వాని నోట్లకు పోవాలె."

"నాతోని అయితలేదు దీనమ్మా."

"ఇప్పుడు అయితలేదు. మల్ల జూద్దాం."

ఆమె అంతే చెప్పేది. అంతకన్నా ఊరడించేది కాదు, భయపెట్టేది కాదు. మళ్లీ వచ్చి మళ్లీ అదే మొదలుపెట్టేది. బాలింతకు నీళ్లు తాగనివ్వకూడదని మా అత్త పట్టుబడితే దీనమ్మ ఆమె ఎదుటే ముంతెడు నీళ్లు నాతో తాగించి, జొన్నగట్కలో పప్పు కలిపి తినిపించింది. "బాయిల నీళ్లు లేకుంటే మోట నడుస్తదా అవ్వా?" అంటే మా అత్త మొహం తిప్పుకుంది. మరునాడు మాత్రం గట్క ఆమే కలిపింది.

ఆ రోజుల్లోనే మా బావ మాధవరెడ్డి వచ్చాడు. తెల్లని షేర్వానీ, చేతిలో సికింద్రాబాదులో కొన్న పాలపొడి డబ్బా, రబ్బరు మూతి ఉన్న గాజు సీసా. వెనకాల వరండాలో, వానకు తడిసి, ఒక ఆడమనిషి నిలబడి ఉంది. మా పొలాల్లో పనిచేసే తండా మనిషి గాంగి. వీపుకు కట్టుకున్న పసిపిల్ల తల ఒకటి పక్కకు వాలి కనిపిస్తోంది.

"పాలు సాలుతలేవంట గదా" అన్నాడు బావ నాతో కాదు, మా అత్తతో. "డబ్బా తెచ్చిన. దొరల పిల్లలు గివే తాగుతరు. ఇది పడకుంటే గాంగిని గూడ తోలుకొచ్చిన. మా చిన్నోనికి ఇచ్చింది గిదే."

డాక్టరమ్మ వచ్చి సీసాను తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. "దీన్ని మా వార్డులోకి రానివ్వనండి" అని తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"ఎందుకు రానియ్యవు?"

"ఈ వానల్లో మీ చెరువు నీళ్లతో కలిపిన పాలు, సరిగా కడగని ఈ రబ్బరు. ఇట్లాంటి సీసా తాగి విరేచనాలతో వచ్చిన పిల్లలను నేను చాలామందిని చూశాను. కొందరిని తిరిగి పంపలేకపోయాను."

"మా పిల్లగాడు. మా ఇష్టం."

"మీ ఇంట్లో మీ ఇష్టం. ఇక్కడ నా మాట."

ఒక ఆడమనిషి తనతో అట్లా మాట్లాడటం మా బావ ఎన్నడూ ఎరుగడు. "అమ్మా, బట్టలు సర్దు. ఇంటికి పోదాం. ఇంట్ల గాంగి ఇస్తది పాలు."

మా ఇంట్లో కోడళ్లు బావ ఎదుట పడేవాళ్లం కాదు, ఎదురుపడితే గోడ వైపు తిరిగి నిలబడేవాళ్లం. నేను పిల్లవాణ్ణి గుండెకు పట్టుకుని మంచం మీద లేచి కూర్చున్నాను.

"నేను రాను బావా. వానికి నా పాలు నేనే ఇస్త."

గదిలో ఉన్న బాలింతలందరూ నావైపు చూశారు. బావ నన్ను చూడలేదు. గోడతో మాట్లాడినట్టు, "వచ్చే సంతనాటికి మల్ల వస్త. అప్పటిదాక పిల్లగానికేమన్న అయితే ఈమెదే బాధ్యత" అని డబ్బా, సీసా చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. గాంగిని మాత్రం వదిలిపోయాడు. ఆయనకు ఆమె తిరుగు ప్రయాణం సంగతి గుర్తుకే రాలేదనుకుంటాను.

దీనమ్మ గాంగిని లోపలికి పిలిచి పొడి చీర ఇచ్చింది. వీపు మీది పిల్లను దించి చూసి, "ఏం తింటున్నవు నువ్వు? పిల్ల గిట్ల సన్నగున్నదేంది?" అని అడిగింది.

"నాట్లకు పోతున్న గదమ్మా. గట్టు మీద పడుకోబెట్టి పోత. పాలు గడ్డగట్టి నొస్తయి, ఇంటికొచ్చేటాలకు అది ఏడ్చి ఏడ్చి పండుకుంటది."

"ఇప్పుడు పటేలు కొడుక్కు ఇమ్మంటే ఎట్ల ఇస్తవు?"

గాంగి నావైపు చూసి, చూపు దించుకుంది. "ముందుగాల దొర పిల్లగానికి ఇయ్యాలె. మిగిలితె దీనికి. అప్పుడు గూడ గంతే. చిన్నపటేలుకు ఇచ్చిననాడు నాకు కొడుకు ఉండె. వానికి మిగిలేటియి కావు. గంజినీళ్లు పోసిన." పిల్ల ఒంటి మీద కొంగు సర్దింది. "పోయిండు."

మా ఇంట్లో ఆ బిడ్డ సంగతి ఎవ్వరూ ఎన్నడూ అనుకోలేదు. మా తోటికోడలు విమలమ్మ కొడుకును గాంగి పాలిచ్చి పెంచిందని తెలుసు, అందుకు మా ఇంట్లో ఆమెకు ఏటా చీర పెడతారనీ తెలుసు. పెద్దింటి కోడలు పాలిస్తే పరువు తక్కువని బావ విమలమ్మను ఇవ్వనివ్వలేదు. ఆమె పాలు ఆరిపోవడానికి రొమ్ములకు మల్లెపూలు కట్టుకుని గదిలో ఒంటరిగా ఏడ్చింది. ఆ ఏడుపు మాత్రమే మాకు వినిపించింది.

ఆ సాయంత్రం వాన బాగా పడుతోంది. పిల్లవాడు నా ఒంటి మీద బోర్లా పడుకుని ఉన్నాడు. వాడంతట వాడే తల ఎత్తి, వెతుక్కుంటూ పక్కకు జరిగాడు. నేను దీనమ్మను పిలవబోయాను. పక్క మంచం దగ్గరున్న ఆమె వేలు పెదవి మీద పెట్టుకుని ఆగమంది. వాడు నోరు తెరిచాడు. ఇంకా తెరిచాడు. అప్పుడు దగ్గరికి తీసుకున్నాను. ముందు నొప్పి ఝుమ్మని కాలివేళ్ల దాకా పాకింది. తర్వాత నొప్పి సన్నగిల్లి, వాడి గొంతులో గుటక వినబడింది. ఒక గుటక, ఇంకొకటి. మా అత్త దగ్గరికి వచ్చి చెవి పెట్టి విన్నది.

"మింగుతున్నడు" అన్నది. ఆమె ఒళ్లో మూట లేదు.

ఆ తర్వాత వాడు ఊరుకోలేదు. తాగిన కొద్దీ పాలు పడతాయని డాక్టరమ్మ చెప్పింది నిజమే. ఒక పక్క తాగుతుంటే రెండో పక్క కారిపోయేవి. ఇంతలో గాంగికి చలిజ్వరం పట్టుకుంది. చెరువు కింద ఊళ్లలో అందరికీ వచ్చేదే. డాక్టరమ్మ వరండాలో మంచం వేయించి చేదు కొయినా మందు, అదే క్వినైన్, ఇచ్చింది. జ్వరం ఉన్నా పిల్లను రొమ్ముకు పెట్టడం మానొద్దని, మానితే పాలు ఎండుతాయని చెప్పింది. కానీ గాంగి ఒణికిపోతూ పిల్లను పట్టుకోలేకపోయింది, పాలూ తగ్గాయి. పిల్ల ఏడుపు సన్నబడుతూ వచ్చింది.

దీనమ్మ మేకపాలు మరిగించడానికి లేచింది.

"దీనమ్మా, మేకపాలెందుకు? దాన్ని ఇటు తే" అన్నాను.

ఆమె నన్ను పరీక్షగా చూసింది. "తెలిసే అంటున్నవా బిడ్డా? మీ ఇంట్ల లొల్లి అయితది."

"అయితే కానీ."

ఆమె వెళ్లి డాక్టరమ్మను అడిగింది, ఆ తర్వాత గాంగిని అడిగింది. గాంగి జ్వరంలోనే తల అడ్డంగా ఊపింది. "వద్దమ్మా, పటేలు సంపుతడు" అని గొణిగింది. నేను లేచి వరండాలోకి పోయి ఆమె పక్కన కూర్చున్నాను. "నీ కొడుకు పాలు మా ఇల్లు తాగింది గాంగీ. నీ బిడ్డకు నన్ను ఇయ్యనియ్యి. నువ్వు లేసినంక నీయే ఇద్దువు." ఆమె పిల్లను నా చేతికి ఇచ్చింది.

మా అత్త వరండా స్తంభం పక్కన నిలబడి ఇదంతా చూసింది. ఆ పూట అన్నం తినలేదు. తెల్లవారి నాకు రెండింతలు గట్క పెట్టింది.

చెప్పినట్టే సంతనాడు బావ వచ్చాడు, మా ఆయన్ని వెంటబెట్టుకుని. ఆ వేళకు మా పిల్లవాడు తాగి నిద్రపోతున్నాడు. నా ఒళ్లో గాంగి బిడ్డ ఉంది. కొంగు కప్పుకునే ఉన్నాను గాని, దాని చేతికి ఉన్న తండా పూసల తాడు బయటికి కనిపిస్తోంది.

బావ గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంది ఇది?"

"గాంగి బిడ్డ. తల్లికి జరం బావా."

"మన ఇంటి కోడలు తండా పిల్లకు చన్నిచ్చుడా? నలుగురి ముందట నేను తల ఎట్ల ఎత్తాలె?"

"మీ కొడుకు గాంగి పాలు తాగిననాడు ఎట్ల ఎత్తినరో, ఇప్పుడు గూడ గట్లనే ఎత్తుండ్రి."

ఆయన గదిలోకి అడుగు వేశాడు. దీనమ్మ కదిలింది, డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. ఇద్దరికన్నా ముందు మా అత్త అడ్డం వచ్చింది.

"మాధవా, బయట నిలవడు. పిల్ల పాలు తాగుతున్నది."

కొడుకు తల్లిని చూశాడు. ఆమె పక్కకు జరగలేదు. ఆయన బయటికి పోయాడు.

దవాఖాన నుంచి వచ్చేముందు డాక్టరమ్మ నాకు మందులేమీ ఇవ్వలేదు. "ఎవరేం చెప్పినా వాడికి ఆకలేసినప్పుడల్లా ఇవ్వండి. వాడికి పళ్లొచ్చి మెతుకులు తినేదాకా ఇంకేదీ వద్దు. ఎల్లారెడ్డి సంతకు మేము నెలకోసారి వస్తాం. నొప్పి ఉన్నా, అనుమానం ఉన్నా రండి, ఊరికే చూపించడానికైనా రండి" అంది. గాంగి లేచి తిరుగుతోంది. పాలు మళ్లీ పడ్డాయి. దీనమ్మ ఆమెకూ అన్నీ చెప్పి, నాట్లకు పోయినా పిల్లను వెంట తీసుకుపొమ్మన్నది.

ఇంటి ముందు బండి ఆగింది. గడప అవతల పసుపునీళ్ల బిందె, ఆవుపంచితం, పురోహితుడు. నేను శుద్ధి చేసుకుంటేనే లోపలికి రావాలని బావ అరుగు మీద నుంచి చెప్పాడు. చూడటానికి ఊళ్లో సగం మంది వచ్చారు. మా ఆయన నన్ను చూశాడు.

"చేసిన తప్పుంటే గద నీళ్లు పోసుకునేది. నేను పోసుకోను" అన్నాను.

ఎద్దులు ఇంటికొచ్చిన ఆత్రంతో తలలు విదిలిస్తున్నాయి. మా ఆయన బండి దిగాడు. దిగి అన్న కాళ్లు పట్టుకుంటాడనుకున్నాను. ఆయన ఎద్దుల ముక్కుతాడు పట్టి వెనక్కి మళ్లించాడు. "అన్నా, మేం కాలువ కింది పొలంల ఉంటం" అన్నాడు. మా అత్త దిగుతుందేమోనని ఆగాడు.

"ఏం జూస్తున్నవు? తోలు" అంది ఆమె.

వరి పొట్టకొచ్చి, ఈని, పండేదాకా కాలువ గట్టు మీది గుడిసెలోనే ఉన్నాం. కురుస్తుంటే ఒక మూల నుంచి ఇంకో మూలకు మంచం జరుపుకునేవాళ్లం. ఎల్లారెడ్డి సంతనాడు నేను పిల్లవాణ్ణి ఎత్తుకుని పోయేదాన్ని. ప్రయాణికులు దిగే సరాయి వరండాలో దీనమ్మ చాప పరిచి కూర్చునేది. కొత్త బాలింతలకు పిల్లవాణ్ణి ఎట్లా పట్టుకోవాలో నాతో చూపించేది. మొదట్లో ఆ చాప మీద మేమిద్దరమే ఉండేవాళ్లం. తర్వాత చాప సరిపోక ఆడవాళ్లు మెట్ల మీద కూర్చున్నారు. పటేలు ఇంటి కోడలు నలుగురిలో కూర్చుని పాలిస్తున్నదని ఊళ్లో అనుకున్నారు. అనుకున్నది నిజమే గనక నాకు బాధ కలగలేదు.

వరికోతలు మొదలైన రోజుల్లో ఒక మిట్టమధ్యాహ్నం, కుచ్చెళ్లు పిక్కల దాకా ఎత్తిపట్టుకుని, ఒడ్ల మీదుగా విమలమ్మ వచ్చింది. కోతకోసేవాళ్లంతా కొడవళ్లు ఆపి చూశారు. ఆమె ఎన్నడూ పొలంలో అడుగుపెట్టిన మనిషి కాదు. వచ్చి గుడిసె ముందు నులకమంచం మీద కూర్చుని, నా ఒళ్లో పాలు తాగుతున్న పిల్లవాణ్ణి చూస్తూ ఉండిపోయింది.

"బావకు చెప్పి వచ్చినవా అక్కా?"

"లేదు. తోవల గింతమంది జూసిండ్రు గద, వాళ్లే చెప్తరు." నవ్వింది గాని నవ్వు నిలవలేదు. "నాకు మల్ల నెల తప్పింది అనసూయా. ఈసారి నా బిడ్డను నేను ఎవ్వరికియ్య. ఆ దవాఖానకు నన్ను తోలుకపోతవా?"

పనలు మోసుకొస్తున్న గాంగి మమ్మల్ని చూసి దూరంగానే ఆగిపోయింది. వీపు మీద పిల్ల బుగ్గలు నిండి, మమ్మల్ని వింతగా చూస్తోంది. విమలమ్మ లేచి ఆమె దగ్గరికి పోయింది. "పోయిన నీ కొడుకు పేరేంది గాంగీ?" అని అడిగింది.

"హీర్యా" అన్నది గాంగి. పనలమోపు నెత్తి మీదే ఉంది.

విమలమ్మ ఆ పేరును నెమ్మదిగా ఒకసారి పలికింది.

గుడిసె లోపల బియ్యం చెరుగుతున్న మా అత్త చేట ఆపింది. "ఆమెను అడుగుడేంది విమలా? నెలలు నిండినంక నేనే తోలుకపోత. వాడు అడ్డమొస్తే నేను మాట్లాడుత, వాన్ని కన్నది నేను" అని మళ్లీ చేట అందుకుంది.

విమలమ్మ వచ్చిన దారినే, కోతకోసేవాళ్ల మధ్య నుంచే, కొంగు తల మీదికి లాక్కోకుండా ఇంటికి వెళ్లిపోయింది.